కొబ్బరినూనె రాసిన కారు

"సెన్సర్ పోయిందండి" అని ఎవరైనా తేలిగ్గా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పోయిందని ఎలా తెలుసు? కొలిచి చూశావా, లేకపోతే పోయినవారం వచ్చిన కారుకి అదే పోయింది కాబట్టి దీనికీ అదే పోయిందంటున్నావా? ఇవి అడగకుండా నేను ఎవరినీ బానెట్ కింద చెయ్యి పెట్టనివ్వను. మా వీధిలో ఈమధ్య ఎవరి కారులోనైనా స్టీరింగు ముందర పసుప్పచ్చ దీపం వెలిగితే, షెడ్డుకి వెళ్ళే దారిలో మా గేటు దగ్గర ఓసారి ఆపుతున్నారు. అరవై దాటిన ఆడమనిషి నేతచీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, చేతిలో చిన్న మీటరు పెట్టుకుని ఇంజను మీదకి వంగితే మొదట్లో నవ్వినవాళ్ళే ఇప్పుడు "అమ్మగారండి, ఓసారి చూస్తారేంటండి" అంటున్నారు. గొప్పలు చెప్పుకుంటోంది అనుకుంటారేమో. చెప్పుకుంటున్నాను. అయితే ఈ గొప్ప నాకు ఎలా వచ్చిందో కూడా చెబుతాను, అందులో నా పరువు పోయిన ముక్క కూడా ఉంది.

నేను ముప్పై ఏళ్ళకి పైగా టెలిఫోను ఎక్స్ఛేంజిలో పనిచేశాను. మొదట ఆపరేటరుని, తర్వాత చాలా ఏళ్ళు టెస్టు డెస్కు మీద. "మా ఫోను పలకట్లేదండి" అని కంప్లయింటు వస్తే, కూర్చున్న చోటు నుంచే ఆ లైనుని కొలిచి, తప్పు ఎంత దూరంలో ఉందో లైన్‌మేన్‌కి చెప్పడం నా పని. కోనసీమలో ఆ రోజుల్లో ఫోను లైనంటే కొబ్బరిచెట్ల మధ్య నుంచి పోయే తీగ. మట్ట పడితే తెగేది, వానకి జాయింటు చిలుము పట్టేది, ఎవరో బట్టలారేసుకుంటే సాగేది. కానీ ప్రతి ఇంట్లోనూ తిట్లు తినేది మాత్రం బల్లమీది ఫోనే. కొత్తగా చేరిన లైన్‌మేన్లు కూడా వెళ్ళీ వెళ్ళగానే ఫోను మార్చేసి, పనైపోయిందని సైకిలెక్కి వచ్చేసేవాళ్ళు. నాలుగో రోజున అదే ఇంటి నుంచి అదే కంప్లయింటు. అప్పుడు నేను వాళ్ళని నిలబెట్టి కడిగేసేదాన్ని. ఫోను మీద చెయ్యి వేసే ముందు లైను చూడు, లైను చూశాకే ఫోను. ఉద్యోగమంతా ఈ ఒక్క మాట మీదే చేశాను. అలాంటిదాన్ని, సొంత కారు దగ్గరకి వచ్చేసరికి ఆ మాటే మరిచిపోయాను.

మా ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. గొంతు చిన్నదనుకునేరు, ఆయన గ్రౌండులో "సావధాన్" అంటే రోడ్డు మీద వెళ్ళే గేదెలు కూడా ఆగేవని ఊళ్ళో ఎగతాళి చేసేవారు. సోమవారం అసెంబ్లీలో పిల్లలందరూ రెండు చేతులూ ముందుకి చాచాలి. ఆయన వరస వెంట నడుస్తూ గోళ్ళు చూసేవారు. బాగుంటే "ఆయ్" అని ముందుకి వెళ్ళేవారు, బాగులేకపోతే ఆగేవారు. ఆగడమే శిక్ష. మా ఇద్దరి ఉద్యోగాలూ అయిపోయి, పలివెల దగ్గర మా ఊళ్ళో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాక ఆ గొంతు మా పెరట్లో ఉడతల మీదా, నా మీదా పడేది.

పోయిన వానాకాలంలో ఒక ఉదయం పళ్ళు తోముకుంటూ బ్రష్షు జారవిడిచారు. వంగి తీసుకోబోయి లేవలేకపోయారు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి కుడి చెయ్యి, కుడి కాలు చచ్చుబడ్డాయి, మాట పోయింది. అంత గొంతులో ఒకే ఒక్క మాట మిగిలింది. ఆయ్. అన్నం పెట్టనా అంటే ఆయ్, వద్దా అన్నా ఆయ్, కోపం వస్తే ఇంకా గట్టిగా ఆయ్. మా వైపు సరేననడానికి పొద్దుట లేచింది మొదలు అందరం వాడే మాటే అది. ఆయనకి తిట్టాలన్నా దాంట్లోనే, ఏడవాలన్నా దాంట్లోనే. నేను వంటింట్లోకి వెళ్ళి కొళాయి తిప్పి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చేదాన్ని.

డాక్టరుగారు స్పష్టంగా చెప్పారు. అమలాపురంలో వారానికి మూడు రోజులు ఫిజియోథెరపీ, దాంతోపాటే మాట అభ్యాసం. ఈ మొదటి నెలల్లో వదలకుండా చేయిస్తే చెయ్యీ మాటా ఎంతో కొంత తిరిగి వస్తాయి, మధ్యలో మానితే వచ్చింది కూడా వెనక్కి పోతుంది. సోమ, బుధ, శుక్రవారాలు. నాకు ఇంకేం అక్కర్లేదు, ఆ మూడు రోజులు తప్పకూడదు.

వెళ్ళడానికి మా పాత డీజిలు కారే దిక్కు. పదిహేడేళ్ళది. ఇంకో దారి లేదా అని మీరు అడుగుతారని తెలుసు, అందరూ అడిగారు. ఆటోలో ఓసారి తీసుకెళ్ళాను, కుడివైపు పట్టు లేక మలుపు మలుపుకీ నా మీద వాలిపోయారు, దిగాక సిగ్గుతో నా మొహం చూడలేదు. మా మరిదిగారి కారు ఎత్తుది, అందులోకి ఇద్దరు పట్టి ఎక్కించాలి. మా కారులో ముందు సీటు పక్కన, పైన ఒక పట్టుకునే కొక్కెం ఉంది. అది ఎడమవైపు. ఆయన బాగున్న ఎడమచేత్తో దాన్ని పట్టుకుని, తనంతట తానే లోపలికి తిరిగి కూర్చోగలరు. రోజంతటిలో ఆయన ఎవరి సాయం లేకుండా చేసుకునే పని అదొక్కటే. దాన్ని నేను ఎలా వదులుకోను?

డ్రైవింగు నాకు ఆయనే నేర్పారు, విజిలు వేసి మరీ. "క్లచ్చి, వన్. గేరు, టూ." అప్పట్లో తిట్టుకున్నాను, ఇప్పుడు అదే పనికొచ్చింది. కారు నడపడం నాకు వచ్చు. కారుని చూసుకోవడం మాత్రం ఆయన పని. ఆదివారం చర్చి నుంచి వచ్చాక బానెట్ ఎత్తి, పాతబట్ట ఒకటి పట్టుకుని గంటసేపు తుడుచుకునేవారు. వరండా గూట్లో ఒక చిన్న సీసా ఉండేది, అందులో కొబ్బరినూనె. నేను వంటింటి కిటికీలోంచి చూస్తూ ఉండేదాన్ని. ఎప్పుడు చూసినా ఒక చేతిలో బట్ట, ఇంకో చేతిలో సీసా.

ఆయన పడిపోయాక ఆ పని నేను తీసుకున్నాను. నాకు వింతగా ఏమీ అనిపించలేదు. మా ఇళ్ళల్లో కొబ్బరినూనె రాయనిది ఏముంది? కత్తిపీటకి రాస్తాం, తాళానికి రాస్తాం, తలుపు బందులకి రాస్తాం, పలుగూ పారా వాన తగ్గాక తుడిచి రాసి పెడతాం. మా అమ్మ కుట్టుమిషనుకి కూడా అదే పోసేది. తుప్పు పట్టకూడదంటే నూనె రాయాలి, ఇందులో ఆలోచించేదేముంది. ఆయన చేసినట్టే, ఇంకా శ్రద్ధగా చేశాను. చెయ్యి దూరిన చోటల్లా తుడిచాను. వైర్లు కలిసే చోట ప్లాస్టిక్ ప్లగ్గులు ఉంటాయి, మెకానిక్కులు కప్లర్లంటారు, వాటిని ఒక్కొక్కటే ఊడదీసి లోపల పిన్నులకి కూడా వేలితో రాశాను. వైర్ల పొడుగునా రాశాను. గాలి వెళ్ళే గొట్టం విప్పి లోపల కూడా నూనెబట్టతో మెరిసేలా తుడిచాను. ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని చూస్తూ, ఎడమచేత్తో కుర్చీ చెయ్యిని దబదబా కొట్టేవారు. మొహం ఎర్రబడేది. పాపం, తన కారు తను చూసుకోలేకపోతున్నానని ఉడుక్కుంటున్నారనుకునేదాన్ని. ఆ తర్వాతి ఆదివారం ఇంకొంచెం ఎక్కువ శ్రద్ధ పెట్టేదాన్ని.

డిసెంబరు మొదట్లో ఒక సోమవారం, అంబాజీపేటలో కొబ్బరికాయల లారీ వెనక నిలబడి ఉండగా ఇంజను దానంతట అదే ఆగిపోయింది. తాళం తిప్పితే తిరుగుతోంది, అందుకోవట్లేదు. వెనక హారన్లు. లారీకి కాయలెత్తే నలుగురు వచ్చి కారుని పక్కకి నెట్టారు. ఆ తర్వాత సలహాలు మొదలయ్యాయి. డీజిల్లో నీళ్ళు కలిసేయన్నారొకరు, బ్యాటరీ అండి బాబూ అన్నారొకరు, దిష్టండి, ఓ నిమ్మకాయ కట్టండి అన్నాడు కొబ్బరిబొండాలాయన. మా ఆయన ఎడమచేత్తో కొక్కెం పట్టుకుని ముందుకి చూస్తూ కూర్చున్నారు. అరగంట పోయాక ఏమీ జరగనట్టు స్టార్టయింది. అమలాపురం చేరేసరికి మా వంతు అయిపోయింది.

మా మెకానిక్కుది కొత్తపేటలో షెడ్డు. అతనికి నలభై అయిదేళ్ళుంటాయి, మా ఆయన దగ్గర డ్రిల్లు చేసినవాడే, ఇప్పటికీ ఆయన్ని చూస్తే సిగరెట్టు కింద పడేస్తాడు. స్కానరు తగిలించి చూసి తేల్చేశాడు.

"క్రాంక్ సెన్సర్ అండి అమ్మగారు. ఇంజను తిరుగుతోందా లేదా అని కారు కంప్యూటరుకి చెప్పేది ఇదేనండి. ఇది కబురు చెప్పడం మానేస్తే అది ఇంజను ఆగిపోయిందనుకుని డీజిలు కట్టేస్తుందండి. పాతబడిపోయిందండి, మార్చేద్దాం."

"మార్చేయ్ బాబూ" అన్నాను నేను. టెస్టు డెస్కు మీద అన్నేళ్ళు కూర్చున్నదాన్ని, ఒక్క ప్రశ్న అడగలేదు. సెన్సరు ఇంజను కింద ఉంటుంది. దాని సొంత వైరు పైకి వచ్చి బ్యాటరీ పక్కన కప్లర్లో కలుస్తుంది, అక్కడి నుంచి ఇంకో వైరు కంప్యూటరుకి వెళుతుంది. అతను సెన్సరునీ, దాని సొంత వైరునీ మార్చాడు. ఆ ఆదివారం నేను కొత్త కప్లరుకి కూడా నూనె రాశాను, కొత్తది కదా, ఇంకాస్త ఎక్కువగా.

నాలుగుసార్లు బాగానే వెళ్ళొచ్చాం. అయిదోసారి ముక్కామల దాటాక కాలవగట్టు మీద ఆగింది. ఈసారి స్కానరు ఇంకో పేరు కూడా చూపించింది, కామ్ సెన్సర్. అదీ మార్చాడు. ఊడదీసి బిగించేటప్పుడు వైర్లు అటూ ఇటూ కదిలినందుకో ఏమో, ప్రతిసారీ నాలుగు రోజులు పనిచేసేది, మళ్ళీ ఆగేది. క్రిస్మస్ వెళ్ళాక ఇంకో జబ్బు తోడయింది. వంతెన ఎక్కేటప్పుడు లాగడం మానేసింది, వెనక నల్లపొగ. ఒక వారమంతా మూడు రోజులకి మూడు రోజులూ వెళ్ళలేకపోయాం.

ఆ పై సోమవారం మా మరిదిగారు తన కారులో ఎలాగో ఎక్కించి అమలాపురం తీసుకెళ్ళారు. మాట నేర్పే అమ్మాయి చిన్నపిల్ల, ఓపిక మాత్రం పెద్దది. బొమ్మల అట్టలు ఒక్కొక్కటే చూపించి అడుగుతుంది. ఆ రోజు తల్లి బొమ్మ చూపించి ఎంతసేపు కూర్చుందో. తర్వాత నన్ను పక్కకి పిలిచింది.

"ఆంటీ, క్రిస్మస్ ముందు 'అమ్మ' అనడానికి పెదాలు కలిపేరండి. ఇప్పుడు కలపట్లేదండి. ఇలా మధ్యలో మానెయ్యకండి, ప్లీజండి."

నేను తల ఊపాను. ఆ పిల్ల ముందు ఏడవకూడదని గోడకున్న క్యాలెండరు చదువుతూ నిలబడ్డాను. నాకు ఆ క్షణంలో వేసినంత భయం ఆసుపత్రిలో కూడా వేయలేదు.

దారిలో మా మరిదిగారు మంచిగానే అన్నారు. "వదినా, ఇంకా ఎన్ని సెన్సర్లు మారుస్తారండి దానికి? పాత ఇనుము కింద ఇచ్చెయ్యండి. నాకు తెలిసినాయన ఆదివారం మజ్జానం వచ్చి చూస్తానన్నాడు. అన్నయ్యని నేను తిప్పుతాను కదా."

తిప్పుతారు, నిజమే. ఇద్దరు పట్టి ఎక్కిస్తే, ఇద్దరు పట్టి దింపితే. వెనక సీట్లో మా ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. విన్నారని తెలుసు.

శుక్రవారం నాడు మెకానిక్కు ఇంటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ కొత్త మాట చెప్పాడు. "కంప్యూటరే మార్చాలేమోనండి అమ్మగారు. రాజమండ్రిలో దొరుకుద్దండి, పది రోజులు పడుద్ది."

పది రోజులు! నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "నువ్వు కారు బాగుచేస్తున్నావా, దుకాణం ఖాళీ చేస్తున్నావా? పెట్టిన సెన్సర్లు అసలువేనా, దొంగ సరుకా? మాస్టారి దగ్గర చదువుకున్నవాడివి, ఆయన నోరు పడిపోయిందనేగా నీకింత లోకువ!" అని వీధిలోకి వినపడేలా అరిచాను. అతని మొహం మాడిపోయింది. "ఒట్టండి, అసలువేనండి" అని మాత్రం అన్నాడు. అతను స్కూటరు ఎక్కబోతుంటే నా అరుపు నాకే చెవుల్లో తిరిగింది. ఎక్కడో విన్న అరుపు అది. లైన్‌మేన్లని కడిగేసే అరుపు. అప్పుడు గుర్తొచ్చింది, ఫోను మార్చావు సరే, లైను చూశావా?

గేటు దాకా పరిగెత్తాను. "ఆగు అబ్బాయ్. సెన్సరు నుంచి కంప్యూటరు దాకా వెళ్ళే వైరు చూశావా?"

"వైరుకేమవుద్దండి? కదలకుండా ఉంటది కదండి."

"రేపు పొద్దున్నే మీటరు పట్టుకుని రా. ఏమవుతుందో నేను చూపిస్తాను."

శనివారం చలిగా ఉంది, గుమ్మానికి క్రిస్మస్ స్టారు ఇంకా వేలాడుతోంది. మా ఆయన్ని శాలువా కప్పి వరండా అంచున కూర్చోబెట్టాను. మెకానిక్కు కంప్యూటరు వైపు ప్లగ్గు విప్పాడు. మీటరు పుల్ల ఒకటి అక్కడ పెట్టమన్నాను, రెండోది బ్యాటరీ పక్కనున్న కప్లర్లో పెట్టమన్నాను. వైరు తెగకుండా ఉంటే మీటరు కూస్తుంది. కూసింది. "చూసేరాండి, బాగానే ఉందండి" అన్నాడు. "నోర్మూసుకుని పట్టుకో" అన్నాను. నిన్నటి కోపం పోలేదు నాకు.

కంప్యూటరు చివర నుంచి మొదలుపెట్టాను. వైరుని రెండు వేళ్ళతో పట్టుకుని, జానెడు జానెడు వంచుతూ, తిప్పుతూ వచ్చాను. తెగీతెగని తీగ నిలబడి ఉన్నప్పుడు నంగనాచిలా ఉంటుంది, కదిపితేనే దాని గుట్టు బయటపడుతుంది. ఇంజను అదురుకి కూడా జరిగేది అదే. మీటరు కూస్తూనే ఉంది. బ్యాటరీ దాకా వచ్చాను. కప్లరుకి బెత్తెడు ఇవతల, నల్లటి గొట్టంలో వైరు దూరే చోట వంచాను. కూత ఆగింది. నిటారుగా పెట్టాను, కూసింది. వంచాను, ఆగింది.

"ఇక్కడ" అన్నాను.

అతను గొట్టం చీల్చి చూశాడు. వైరు మీద తొడుగు లేదు. చిన్న చిన్న పళ్ళ గాట్లు, లోపల రాగి పోగులు రెండో మూడో మిగిలాయి. ఎలక. "అమ్మగారండి..." అని అలా చూస్తూ ఉండిపోయాడు. నేను నడుము నిటారుగా పెట్టి నిలబడ్డాను. ఏమాటకామాటే, ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా నాకంత గర్వం కలగలేదు. వరండా వైపు తిరిగి "చూశారా!" అన్నాను. మా ఆయన చూస్తూనే ఉన్నారు, కానీ వైరుని కాదు, వరండా గూడుని.

మెకానిక్కు ఇంకా వంగే ఉన్నాడు. "అది సరేనండి. మరి ఎలక ఇన్ని వైర్లుండగా దీన్నే ఎందుకు పట్టుకుందండి? ఇదిగో, ఈ కప్లరు వైరు కూడా కొరికిందండి. అదిగో అక్కడోటి." అని కప్లరు విప్పి వెలుగులోకి తిప్పాడు. "ఇందులో ఈ తెల్ల గ్రీజు ఎవరేసేరండి? నేనెయ్యలేదండి."

పిన్నుల చుట్టూ తెల్లగా పేరుకుని ఉంది. దానికి చీమలు కూడా అంటుకుపోయి ఉన్నాయి. నేను చూపుడువేలితో కొంచెం తీశాను. వేలి మీద అది కరిగి నీరైంది. వాసన చూడక్కర్లేదు, అయినా చూశాను. ఆ చలికి మా వంటింట్లో సీసాలో కూడా పొద్దుటే అలాగే పేరుకుని ఉంది. ఎలకబోనులో కొబ్బరిముక్క పెట్టేది కూడా ఆ వాసనకే.

అతనికి తెలియదు. నేను చెప్పకపోతే ఎప్పటికీ తెలియదు. ఎలకలు ఎక్కడైనా ఉంటాయి అని దులిపేసుకోవచ్చు. కానీ నిన్న వీధిలో నేను అరిచిన అరుపుకి అతని మొహం ఎలా అయిందో నా కళ్ళ ముందే ఉంది.

"నేనే" అన్నాను. "కొబ్బరినూనె. ప్రతి ఆదివారం. నువ్వు మార్చిన వాటికి కూడా."

అతను నా వైపు చూశాడు, కప్లరు వైపు చూశాడు. నవ్వాలో వద్దో తెలియక దగ్గాడు. "కప్లర్లకాండి?"

"వైర్లకి కూడా. గాలిగొట్టం లోపల కూడా."

"గాలిగొట్టం లోపలాండి! అందులో ఎయిర్‌ఫ్లో సెన్సర్ ఉంటదండి, వెంట్రుకంత తీగండి అది, గాలి ఎంతొస్తోందో చూసేది. దానికి నూనంటితే ఇంకేం చూస్తదండి! అందుకేనండి కారు లాగట్లేదు."

"మాస్టారు రాసేవారు కదయ్యా, నేను కళ్ళారా చూశాను!"

"బందులకండి, అమ్మగారు. బానెట్ బందులకి, డోరు గొళ్ళేలకి. వైర్లు పొడిబట్టతో తుడిచేవోరండి. నూనె చెయ్యి కూడా తగలనిచ్చేవోరు కాదండి."

నేను తిరిగి చూశాను. కుర్చీలో మా ఆయన ఎడమచెయ్యి కుర్చీ చెయ్యి మీద ఆడుతోంది, ఇన్ని ఆదివారాలు ఆడినట్టే. అది ఉడుకుమోత్తనం కాదు. ఆపవే మహాతల్లీ అని మొత్తుకోవడం. చెప్పడానికి మాట లేని మనిషి ముందు, ప్రేమగా, శ్రద్ధగా, వారం వారం ఆయన కారుని చంపాను. ఆయన వైద్యం ఆపింది డీజిలూ కాదు, పాతబడ్డ సెన్సరూ కాదు, నేను. వరండా మెట్టు మీద ఆయన పాదాల దగ్గర కూర్చుండిపోయాను. "క్షమించండి" అన్నాను. "వారం పోగొట్టాను మీకు. అమ్మ అనబోయిన మాట పోగొట్టాను." ఆ తర్వాత ఏడ్చాను. మెకానిక్కు అటు తిరిగి మీటరు వైరు చుట్టడం మొదలుపెట్టాడు.

మా ఆయన గూట్లోకి చెయ్యి చాచారు. సీసా అందలేదు, వేలు మాత్రం అటు చూపించారు. తర్వాత అదే వేలు నా నడినెత్తి మీద పెట్టారు. పెదాలు ఒకవైపుకి లాగాయి, మెడ నరాలు బిగిశాయి.

"త..." అన్నారు. ఆగారు. మళ్ళీ మొదలుపెట్టారు. "త... ల... కి."

నాకు అర్థం కాలేదు. ఆయన వేలితో నా నెత్తిన రెండుసార్లు కొట్టి, ఈసారి కాస్త గట్టిగా, పాత గొంతు కొసతో అన్నారు. "తలకి. రాస్కో."

మెకానిక్కు చేతిలోంచి మీటరు జారింది. "మాస్టారండీ!" అని చెప్పులు వదిలేసి మెట్లెక్కి వచ్చి ఆయన కాళ్ళు పట్టుకున్నాడు. మా ఆయన నవ్వుతున్నారు, నోరు ఒకపక్కకే సాగే నవ్వు, అయినా నవ్వే. నేను ఏడుస్తూనే నవ్వాను. అయిదు నెలల తర్వాత మొగుడు నోరు తెరిచి మాట్లాడిన మొదటి మాట నన్ను వెక్కిరించడానికి. ఇంకెవరికైనా ఎలా ఉంటుందో కానీ నాకు మాత్రం సంబరంగా ఉంది.

ఆ రోజంతా పనిచేశాం. కొరికిన వైర్లు కోసి కొత్తవి అతికించి, పైన గట్టి గొట్టం తొడిగాడు. కప్లర్లన్నీ స్ప్రే కొట్టి నేనే కడిగాను, ఒక్కొక్కదాన్ని వెలుగులో పెట్టి చూసి మరీ. ఎయిర్‌ఫ్లో సెన్సరు మాత్రం ఎంత కడిగినా దారికి రాలేదు. అది నిజంగా పోయింది, కొలిచే చెబుతున్నాను. సాయంత్రం అతను కొత్తది తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మీరే బిగించండి అమ్మగారు" అన్నాడు. రెండు స్క్రూలు, ఒక కప్లరు. పొడి చేత్తో బిగించాను. వీధిలో నలుగురు నిలబడి చూస్తుంటే, నిన్న ఎంత గట్టిగా తిట్టానో అంత గట్టిగానే "నీ తప్పేం లేదు నాయనా, నాదే బుద్ధి తక్కువ" అని చెప్పాను. అతను సిగ్గుపడి "ఊరుకోండి అమ్మగారు" అన్నాడు.

మా మరిదిగారికి ఫోను చేసి, ఆదివారం ఎవరినీ తీసుకురావద్దని చెప్పాను. సోమవారం అంబాజీపేటలో లారీల వెనక పావుగంట నిలబడ్డా ఇంజను ఆగలేదు. వంతెన నాలుగో గేరులో ఎక్కింది. మాట నేర్పే అమ్మాయి నీళ్ళగ్లాసు బొమ్మ చూపించి ఇదేంటండి అంకుల్ అంటే, ఆయన నా వైపు తిరిగి "తలకి" అన్నారు. ఆ పిల్లకి ఏమీ అర్థం కాలేదు, కానీ ఎగిరి గంతేసింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఒక్క రోజు మానలేదు. అమ్మ వచ్చింది, నీళ్ళు వచ్చింది, నా పేరు కూడా వచ్చింది, సగం మింగేస్తారు గానీ వచ్చింది.

కారు బాగైన మరుసటి ఆదివారం చర్చి నుంచి వచ్చి, బానెట్ ఎత్తడానికి వెళ్ళబోతుంటే కుర్చీలోంచి చప్పుడు వినిపించింది. దబదబ. తిరిగి చూశాను. ఆయన ఎడమచెయ్యి నా వైపు చాచి, అరచెయ్యి పైకి కిందికి తిప్పి చూపించారు. పాత బట్ట భుజం మీద వేసుకుని దగ్గరకి వెళ్ళాను. రెండు చేతులూ ముందుకి చాచి నిలబడ్డాను, సోమవారం అసెంబ్లీలో పిల్లల్లాగే. ఆయన తీరిగ్గా వేళ్ళు చూశారు, అరచేతులు తిప్పించి చూశారు, ఎడమచేతి వేలితో తడిమి పొడిగా ఉన్నాయో లేదో కూడా చూశారు.

"ఆయ్" అన్నారు.